పట్టే చేతి దగ్గర మొదలుకావాల్సిన చట్టం

"సముద్రంలో చేపకు లెక్కేమిటి?" అక్వేరియాల కోసం సముద్ర జీవుల్ని పట్టడం మీద నియమాలు ఉండాలన్న మాట ఎత్తగానే మొదట వచ్చే జవాబు ఇది. రంగు చేపలు అమ్మేవాళ్లను అడిగినా, తొట్టెలు పెంచేవాళ్లను అడిగినా, ఎగుమతులు పెంచాలని ప్రణాళికలు రాసేవాళ్లను అడిగినా మాటల్లో తేడా ఉంటుందేమో గానీ సారం ఒకటే. సముద్రం అంతులేనిది, చేప వేలల్లో గుడ్లు పెడుతుంది, తొట్టెల కోసం పట్టేది ఏ మూలకూ రాదు, నియమం పెడితే పేదవాడి పొట్ట కొట్టినట్టే. 2017లో కేంద్రం అక్వేరియం షాపుల మీద నియమాలు తెచ్చి ఆ ఏడాదే వెనక్కి తీసుకోవడంతో ఈ వాదానికి ప్రభుత్వం ముద్ర కూడా పడినట్టయింది. అప్పటి నుంచి ఇది వాదంగా కాక, అందరూ ఒప్పుకున్న నిజంగా చెలామణీ అవుతోంది.

ఇది నిజం కాదు. ఇందులోని ఒక్కొక్క ముక్కా విడదీసి చూస్తే ఏదీ నిలబడదు.

శిరివెళ్లలో కూర్చుని సముద్రం గురించి మాట్లాడటం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఉన్న మా ఊరి నుంచి అల చూడాలంటే నల్లమల దాటాలి, వెలిగొండలు దాటాలి. కానీ రంగు చేపకు దూరం అడ్డు కాదు. పాలిథిన్ సంచిలో కాసిని నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్, పైన రబ్బరు బ్యాండు, ఆ సంచులన్నీ ఒక థర్మకోల్ పెట్టెలో. చెన్నైలోని కొళత్తూరు లాంటి టోకు బజార్ల నుంచి అలా బయల్దేరిన పెట్టె మర్నాటికి ఎంత లోతట్టు ఊరికైనా చేరుతుంది. సముద్ర జీవి ఎక్కడ పట్టుబడుతుందో అక్కడ దాన్ని కొనేవాళ్లు ఉండరు. కొనేవాళ్లు ఉండేది సముద్రం లేని ఊళ్లలోనే. కాబట్టి ఈ చర్చలో మొదట మాట్లాడవలసింది మాలాంటి ఊళ్లవాళ్లే.

అన్నిటికంటే ముందు ఒక తేడా తెలియాలి. మా వైపు ఇళ్లలో ఎక్కువగా కనిపించే గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీ మంచినీటి చేపలు. ప్రపంచ వ్యాపారంలో మంచినీటి రంగు చేపల్లో అత్యధిక భాగం చెరువుల్లోనో తొట్టెల్లోనో పుట్టి పెరిగినవే. కోళ్ల ఫారంలో కోడిని కొన్నట్టే వాటిని కొంటున్నాం. ఉప్పునీటి చేప సంగతి పూర్తిగా తలకిందులు. అందులో అత్యధిక భాగం పగడపు దిబ్బల మీద తిరుగుతుండగా వలేసి, గరిటెవల పెట్టి పట్టి తెచ్చినవే. షాపులో రెండు తొట్టెలూ పక్కపక్కనే, ఒకే లైటు కింద ఉంటాయి. ఒకదాంట్లోది పంట, రెండోదాంట్లోది వేట. ఈ రెండిటినీ "రంగు చేపలు" అని ఒకే గాటన కట్టి, మొదటి దానికి చెల్లే మాటల్ని రెండో దానికి అంటగట్టడంతోనే ఈ తప్పుడు వాదం మొదలవుతుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమానికి చెందిన ప్రపంచ పరిరక్షణ పర్యవేక్షణ కేంద్రం 2003లో ఈ వ్యాపారం మీద ఒక నివేదిక వేసింది. ఏటా 2 కోట్ల నుంచి 2.4 కోట్ల సముద్రపు చేపలు, కోటికి పైగా పగడపు ముక్కలు, దాదాపు కోటి దాకా రొయ్యలు, నత్తలు, సముద్ర పువ్వుల వంటి జీవులు అక్వేరియాలకు పోతున్నాయని అంచనా కట్టింది. చేపల్లోనే 1,471 జాతులు. ఆ తర్వాత అమెరికా పరిశోధకులు 2004-05లో తమ దేశానికి వచ్చిన సరుకు బిల్లుల్ని ఒక్కొక్కటిగా విప్పి చూస్తే ఒక్క ఏడాదిలో 1.1 కోట్లకు పైగా చేపలు, 1,800 జాతులు తేలాయి. సరిహద్దు దగ్గర నింపిన ప్రభుత్వ ఫారాల లెక్కకూ, వ్యాపారుల బిల్లుల లెక్కకూ పొంతన లేదని కూడా వాళ్లే చెప్పారు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా కొనే దేశంలోనే పరిస్థితి ఇది. "లెక్కేమిటి" అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. లెక్క అక్కర్లేక కాదు, ఎవరూ సరిగా కట్టక లేదు.

ఇక చేప వేలల్లో గుడ్లు పెడుతుందన్న మాట. కొన్ని పెడతాయి. కానీ మార్కెట్టు ఏరుకునేది గుడ్ల సంఖ్య చూసి కాదు, ఒంటి మీది చారలు చూసి. ఇండోనేషియాలో సులవేసి దీవి పక్కన బంగాయ్ అనే చిన్న ద్వీపాల గుంపు ఉంది. అక్కడ బంగాయ్ కార్డినల్ అనే వెండి రంగు చేప ఉంది. నల్లటి చారలు, పొడవైన రెక్కలు, తెల్లటి చుక్కలు. ప్రపంచంలో దాని పుట్టిల్లు ఆ కాస్త చోటే. ఆడచేప పెట్టిన కొన్ని పదుల గుడ్లను మగచేప నోట్లో పెట్టుకుని, తిండి మానేసి పొదుగుతుంది. పిల్లలు పైకి వచ్చాక కూడా ప్రవాహంలో ఎక్కడికో కొట్టుకుపోవు. పుట్టిన దిబ్బ దగ్గరే సముద్రపు ముళ్లకాయల మధ్య దాక్కుంటాయి. అంటే ఒక దిబ్బ ఖాళీ అయితే పక్క దిబ్బ నుంచి వచ్చి నింపే పిల్లలు ఉండవు. 1990ల నడుమ ఈ చేప అక్వేరియం ప్రపంచం కంట్లో పడింది. కొన్నేళ్లలోనే ఏటా లక్షల్లో పట్టుకుపోయారు. 2007లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అంతరించే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. అదే ఏడాది అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందంలో పెట్టాలన్న ప్రతిపాదన వస్తే నెగ్గలేదు. అప్పుడూ వినిపించినవి ఇవే మాటలు: జీవనోపాధి, ఎగుమతి, అతి భయం.

మన షాపుల్లో పిల్లలు వేలు చూపించి "నీమో" అని అడిగే క్లౌన్ ఫిష్ కథ ఇంకో రకం. అది సముద్ర పువ్వును ఇల్లుగా చేసుకుని చిన్న కుటుంబంగా బతుకుతుంది. అందరిలోకీ పెద్దది ఆడది, తర్వాతిది మగది, మిగతావి వరసలో తమ వంతు కోసం ఆగే చిన్నవి. ఆడది పోతే మగది ఆడదిగా మారుతుంది, చిన్నవాటిలో ఒకటి మగదవుతుంది. ఒక్కో మార్పుకూ సమయం పడుతుంది, ఆ లోగా గుడ్లు ఉండవు. పట్టేవాడి కన్ను మొదట పడేది పెద్దదాని మీదే. ఒక్కోసారి ఆ సముద్ర పువ్వునే పెకలించి తెస్తారు. అప్పుడు పోయేది చేప ఒక్కటే కాదు, రాబోయే తరాలు దిగవలసిన ఇల్లు కూడా.

దిబ్బల మీద ఇంకో చిన్న చేప ఉంటుంది, వేలెడంత, నీలి చారతో. పెద్ద చేపల ఒంటి మీది పురుగుల్ని ఏరి తినడమే దాని పని. దాని ముందు చేపలు వరసకట్టి నిలబడతాయి. ఆస్ట్రేలియాలో లిజర్డ్ దీవి దగ్గర పరిశోధకులు కొన్ని దిబ్బల నుంచి ఈ చేపల్ని తీసేస్తూ ఎనిమిదేళ్లకు పైగా గమనించారు. ఆ దిబ్బల మీద చేపల సంఖ్యా తగ్గింది, జాతుల సంఖ్యా తగ్గింది. అక్వేరియం వ్యాపారంలో ఎక్కువగా అమ్ముడయ్యే చేపల్లో ఇదీ ఒకటి. తొట్టెలోకి వచ్చాక తినడానికి పురుగులు లేక తరచు ఆకలితో చస్తుంది. ఎన్ని పట్టారు అన్నదొక్కటే ప్రశ్న కాదు, దేన్ని పట్టారు అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. "ఏ మూలకూ రాదు" అనేవాళ్లు టన్నుల్లో తూచి మాట్లాడతారు. తిండి కోసం ట్రాలర్లు తోడేదానితో పోలిస్తే ఇది బరువులో ఏమీ కాదు, నిజమే. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చావడం ఇంకా పెద్ద ఉపద్రవం, అదీ నిజమే. కానీ ఇప్పటికే రెండు దెబ్బలు తిన్న దిబ్బ మీద మూడో దెబ్బకు మాత్రం అనుమతి అక్కర్లేదనడం ఏ తర్కం?

ఈ మాట నల్లమల అంచున ఉన్నవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. మా తూర్పున కనిపించే ఆ కొండల్లో చెంచులు తరతరాలుగా తేనె తీస్తారు, కుంకుడు కాయలు ఏరతారు, తపసి చెట్టు బంక గీస్తారు. ఆ బంక విదేశాలకు పోయే సరుకు. గిరాకీ పెరిగినప్పుడు గొడ్డలితో లోతుగా చెక్కి ఎక్కువ బంక పిండారు. చెట్లు ఎండిపోయాయి. దానికి దొరికిన విరుగుడు అడవి అంతులేనిదని చెప్పుకోవడం కాదు, చెంచుల్ని అడవిలోంచి వెళ్లగొట్టడమూ కాదు. చిన్న కత్తితో పైపైన ఎలా గీయాలో, ఒక గాటు మానేదాకా ఎలా ఆగాలో నేర్పించారు. గిరిజన సహకార సంస్థ డిపోలో తూకం వేసి కొనే ఏర్పాటు ఉంది. ఏ అడవి సరుకు, ఎవరు తెచ్చారు, ఎంత తెచ్చారు అన్నది ఒక పుస్తకంలో పడుతుంది. ఇందులో లోపాలు లేవని అనను, ధర విషయంలో చెంచులకు న్యాయం జరిగిందనీ అనను. కానీ సేకరణకు ఒక పద్ధతి ఉండాలన్న దాని మీద అక్కడ ఎవరికీ తగాదా లేదు. అడవి నుంచి బంక తెచ్చేటప్పుడు ఉన్న జ్ఞానం సముద్రం నుంచి పగడం తెచ్చేటప్పుడు ఎందుకు మాయమవుతోంది? చెట్టు ఎండితే కంటికి కనిపిస్తుంది, దిబ్బ చస్తే నీళ్ల కింద ఉంటుంది. తేడా అంతే.

పేదవాడి పొట్ట సంగతికి వద్దాం, ఎందుకంటే ఈ వాదంలో అన్నిటికంటే బరువైన మాట అదే, అన్నిటికంటే ఎక్కువగా దుర్వినియోగమైనదీ అదే. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి రంగు చేపల్ని సోడియం సైనైడ్‌తో పట్టారు. బిళ్లను నీళ్లలో కరిగించి, సీసాతో పగడపు సందుల్లోకి చిమ్మితే చేప మత్తెక్కి తేలుతుంది. చుట్టూ ఉన్న పగడం చచ్చిపోతుంది. పట్టుబడిన చేపల్లో చాలా భాగం తర్వాత సంచుల్లోనో, కొన్నవాడి తొట్టెలోనో చస్తాయి. ఆ పద్ధతి ఇండోనేషియాకూ పాకింది. నియమాలు లేని ఆ రోజుల్లో బాగుపడింది ఎవరు? మునిగేవాడికి చేపకు దక్కింది చిల్లర. లాభం మధ్యవర్తికీ ఎగుమతిదారుకూ పోయింది. మునిగేవాడికి చివరికి మిగిలింది చచ్చిన దిబ్బ. తన కొడుకు ఏం పట్టి బతకాలో తెలియని స్థితి. పేదవాడి పేరు చెప్పి అడ్డుకున్న నియమం పేదవాడికే అవసరమైనది.

దీనికి ఎదురు ఉదాహరణ హవాయి. అక్కడి పెద్ద దీవి పడమటి తీరంలో పసుపు టాంగ్ అనే చేప కోసం పోటీ పడి పడవలు తిరిగేవి. స్కూబా టూరిజం వాళ్లకూ చేపలు పట్టేవాళ్లకూ గొడవలు. 1998లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. స్థానికులు, చేపలు పట్టేవాళ్లు, పరిశోధకులు ఒక చోట కూర్చుని తీరంలో సుమారు 35 శాతాన్ని అక్వేరియం వేటకు మూసేశారు. మిగతాది తెరిచే ఉంచారు. ఏటా నీళ్లలోకి దిగి లెక్కపెట్టారు. మూసిన చోట్ల పసుపు టాంగ్ గణనీయంగా పెరిగింది, పట్టేవాళ్ల రాబడి కూలిపోలేదు. ఈ చేప దిబ్బ మీద నలభై ఏళ్లు బతకగలదు. అంటే మూసిన చోట మిగిలిన ఒక్క పెద్ద చేప దశాబ్దాల పాటు తెరిచిన చోట్లకు పిల్లల్ని పంపుతుంది. అక్కడ కూడా తగాదా ముగియలేదు. పర్యావరణ సమీక్ష లేకుండా పర్మిట్లు ఇవ్వడం కుదరదని 2017లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కానీ తగాదా పడటానికి వాళ్ల దగ్గర ఇరవై ఏళ్ల లెక్కలు ఉన్నాయి. మన దగ్గర ఏమున్నాయి?

మన దగ్గర ఉన్నది 2017 అనుభవం. దాన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే నియమాలు వద్దనేవాళ్లు ముందు పట్టుకునేది దాన్నే. 2017 మే 23న కేంద్ర పర్యావరణ శాఖ, జంతు హింస నివారణ చట్టం కింద అక్వేరియం షాపుల నియమాలు ప్రకటించింది. షాపు రిజిస్టర్ చేయించుకోవాలి, గుండ్రటి చిన్న గాజు గిన్నెల్లో చేపల్ని పెట్టకూడదు, తొట్టెకు కనీస పరిమాణం ఉండాలి. ఇవన్నీ ఒప్పుకోదగ్గవే. దాంతోపాటు 158 జాతుల పట్టిక ఒకటి పెట్టి, వాటిని ఉంచకూడదు, పెంచకూడదు, అమ్మకూడదు, ప్రదర్శించకూడదు అంది. ఆ పట్టికలో క్లౌన్ ఫిష్‌లు, బటర్‌ఫ్లై ఫిష్‌లు, ఏంజెల్ ఫిష్‌లు ఉన్నాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి శ్రమించి క్లౌన్ ఫిష్‌ను హేచరీలో పుట్టించే పద్ధతి తయారు చేసింది. అలా హేచరీలో పుట్టిన పిల్లనూ దిబ్బ నుంచి లాక్కొచ్చిన చేపనూ ఆ పట్టిక ఒకే నేరంగా చూసింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టిన పని అది. గొడవ లేచింది, నియమాలు వెనక్కి పోయాయి.

దీని నుంచి తేలేది నియమాలు అక్కర్లేదనా? తప్పుడు చోట మొదలైన నియమం కూలిందని మాత్రమే తేలుతుంది. అది అమ్మే గాజు తొట్టె దగ్గర మొదలైంది, పట్టే చేతి దగ్గర కాదు. కూలిన దాని స్థానంలో సరైనది రావాలి కదా, రాలేదు. 2018లో పెంపుడు జంతువుల షాపుల నియమాలు వచ్చాయి. అందులో కుక్క ఉంది, పిల్లి ఉంది, కుందేలు ఉంది, పంజరంలో పక్షి ఉంది. చేప లేదు.

మరి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉందిగా అంటారు. ఉంది. 2001లో పగడాల్నీ, సముద్రపు గుర్రాల్నీ, సముద్ర దోసల్నీ అందులో అత్యున్నత రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో చేర్చారు. అందుకే ఉప్పునీటి తొట్టెలో అందంగా కనిపించే "లైవ్ రాక్", అంటే జీవం అంటుకున్న పగడపు రాయి, మన తీరాల నుంచి తెచ్చిందైతే అది నేరపు సరుకే. కానీ షెడ్యూలులో పేరు రాయడంతో పని అయిపోలేదు. సముద్రపు గుర్రాలు తమిళనాడు తీరంలో ట్రాల్ వలల్లో నేటికీ ఏటా లక్షల్లో పడుతున్నాయని పరిశోధకులు రేవుల్లో తిరిగి రాశారు. వలకు షెడ్యూలు తెలియదు. ఆ వల ఎక్కడ తిరగాలి, ఎక్కడ తిరగకూడదు అన్న నియమం ఉంటేనే షెడ్యూలుకు బలం.

నియమం ఎంత వివరంగా తెలుసుకుని రాయాలో చెప్పడానికి కేరళలోనే పాఠం ఉంది. పడమటి కనుమల ఏళ్లలో ఒంటి మీద ఎర్రటి గీత ఉన్న చేప ఒకటి ఉంది. ముద్దుపేరు మిస్ కేరళ. 1997లో సింగపూర్ ప్రదర్శనలో బహుమతి గెలిచాక ప్రపంచం దాని వెంట పడింది. ఆ వాగుల్లో చేపలు పలచబడితే 2008లో కేరళ ప్రభుత్వం వేటకు కొన్ని నెలల విరామం పెట్టింది: జూన్, జూలై, అక్టోబరు. ఆ తర్వాత జీవశాస్త్రవేత్తలు చేపల్ని పరీక్షించి చూస్తే అది గుడ్లు పెట్టే కాలం అక్టోబరు నుంచి మార్చి దాకా. అంటే కడుపుతో ఉన్న నెలల్లో చాలా భాగం వేటకు తలుపు తీసే ఉంది. ఇది మంచినీటి చేపే కావచ్చు, పాఠం మాత్రం ఉప్పునీటికీ వర్తిస్తుంది. నియమం రాసేవాడు ముందు నీళ్లలోకి దిగాలి.

ఇప్పుడు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద రంగు చేపల యూనిట్లకు సబ్సిడీ ఇస్తున్నారు. ప్రపంచ వ్యాపారంలో మన వాటా ఒక శాతం కూడా లేదు, పెంచాలి అంటున్నారు. పెంచండి, ఎవరూ కాదనరు. కానీ మన ఎగుమతుల్లో ఎక్కువ భాగం ఈనాటికీ ఈశాన్య రాష్ట్రాల వాగుల్లో, పడమటి కనుమల ఏళ్లలో పట్టినవే. పెంపకం చేసి పెంచే వాటా వేరు, ఊడ్చి పెంచే వాటా వేరు. ఆ తేడా కాగితం మీద కనబడేలా చేసేదే నియమం. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ స్థానిక మహిళలకు అలంకార రొయ్యల్ని తొట్టెల్లో పెంచడం నేర్పింది. హవాయిలో పసుపు టాంగ్‌ను 2015లో, ఫ్లోరిడాలో నీలి టాంగ్‌ను 2016లో హేచరీలో పుట్టించారు. ఇది అసాధ్యమని చాలాకాలం నమ్మిన పని. కానీ ఎంతో ఖర్చు పెట్టి పుట్టించిన పిల్ల, ఉచితంగా పట్టుకొచ్చిన చేపతో ధరలో ఎలా పోటీ పడుతుంది? వేటకు నియమం లేని చోట హేచరీ బతకదు. నియమాలు వ్యాపారాన్ని చంపుతాయనేవాళ్లు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి.

మన రాష్ట్రానికి అధికారం లేదని కూడా అనడానికి వీల్లేదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపు చేపల వేట రాష్ట్రం చేతిలోనిదే. 1994 నాటి సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపుతున్నాం, మత్స్యకారులకు భృతి ఇస్తున్నాం. తిండి చేప కోసం ఇంత చేయగలిగిన రాష్ట్రానికి అలంకార చేప కోసం నాలుగు పేరాలు రాయడం కష్టమా? విశాఖ వైపు రుషికొండ, పూడిమడక దగ్గర సముద్రం అడుగున పగడాలు ఉన్నాయని జూలాజికల్ సర్వే పరిశోధకులు డైవర్లతో మునిగి చూసి చెప్పారు. ఆ సముద్రంలో సరదాగా మునిగేవాళ్లు కూడా ఇప్పుడు ఎక్కువయ్యారు. అక్కడ ఇంకా పెద్ద ఎత్తున రంగు చేపల వేట మొదలుకాక ముందే నియమం రావాలి. మొదలయ్యాక వస్తే దాన్ని మళ్లీ "పొట్ట కొట్టడం" అంటారు.

ఆ నియమంలో ఏముండాలో ఊహించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. అలంకార జీవుల్ని పట్టేవాడికి లైసెన్సు, అది తీరంలోని మత్స్యకారుడికే మొదట. విషం, కడ్డీలతో పగలగొట్టడం పూర్తిగా నిషేధం. కొన్ని దిబ్బలు ఎప్పటికీ మూత. గుడ్ల కాలం నిర్ధారించిన జాతికి ఆ నెలల్లో విరామం. రేవులో ఒక రిజిస్టరు. ప్రతి పెట్టెతోపాటు ఒక కాగితం, అందులో హేచరీ పిల్లా, సముద్రంలో పట్టిందా, ఎక్కడ పట్టింది అని. ఆ కాగితం చెన్నైలో ఆగకుండా శిరివెళ్ల దాకా రావాలి. ఆ కాగితం లేని ఉప్పునీటి చేపను అమ్మకూడదు. హేచరీ కాగితం ఉంటే ఏ అడ్డూ ఉండకూడదు.

తొట్టె నా ఇంట్లోది, నా డబ్బుతో కొన్నది, నీకేం అనే మాట కూడా తరచు వింటాం. తొట్టె ఇంట్లోనే ఉంటే సరే. ఉండటం లేదు. హిందూ మహాసముద్రం, పసిఫిక్ జీవి అయిన లయన్ ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరంలో కనబడింది, ఎవరి తొట్టెలోంచో వదిలినదే అని పరిశోధకుల నమ్మకం. ఇప్పుడది కరీబియన్ అంతటా స్థానిక చేపల్ని మింగుతోంది. మన దగ్గర గాజు మీద పాచి తింటుందని కొనే సక్కర్ చేప పెరిగి తొట్టె పట్టకపోతే పారబోస్తే, కృష్ణా, గోదావరి ప్రాంతాల చెరువుల్లో ముళ్ల ఒంటితో వలలు చింపుతూ దెయ్యం చేప అని పేరు తెచ్చుకుంది. కొనేటప్పుడే అది ఎంత పెరుగుతుందో, ఎక్కడ పుట్టిందో రాసి ఇవ్వమనడం ఎవరి స్వేచ్ఛకూ భంగం కాదు.

మళ్లీ ముసాయిదా రాసే రోజు వస్తే దాన్ని ఢిల్లీలో పట్టిక చూసి రాయకూడదు. మన్నార్ సింధుశాఖలో మునిగేవాళ్లు, పూడిమడక మత్స్యకారులు, అగత్తి మహిళలు, మండపం హేచరీ శాస్త్రవేత్తలు, కొళత్తూరు టోకు వ్యాపారులు, నంద్యాల షాపుల వాళ్లు ఆ గదిలో ఉండాలి. 2017లో పిలవనివాళ్లు వీళ్లే. ఈసారి వీళ్లను పిలవకుండా రాస్తే అది మళ్లీ కూలుతుంది, మళ్లీ ఎవరో ఒకరు సముద్రంలో చేపకు లెక్కేమిటని అడుగుతారు, ఆ లోపు ఇంకొన్ని దిబ్బలు ఖాళీ అవుతాయి.